కారు వాటర్ పంపు ఇంట్లో మార్చుకోవాలా, షెడ్డుకి ఇవ్వాలా? బెల్టు చూసి చెప్పాలి

విశాఖ మర్రిపాలెంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వ్యాగనార్ కింద రూపాయి బిళ్ళంత పచ్చటి మరక కనిపిస్తే ముందు ఏసీ నీళ్ళేమో అనుకున్నాను. వేలితో ముట్టుకుంటే జిగురుగా తగిలింది, వాసన తియ్యగా ఉంది. ఏసీ నీళ్ళకి రంగూ ఉండదు, జిగురూ ఉండదు. అది ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్. అదే నెలలో మధురవాడలో ఉండే మా బావ డస్టర్ డీజిల్ కిందా అలాంటి మరకే. రెండు బళ్ళకీ పోయింది ఆ కూలెంట్‌ని ఇంజన్‌లో తిప్పే వాటర్ పంపే. నాది ఇంట్లోనే మార్చుకున్నాను. బావ బండికి మాత్రం చెయ్యి పెట్టనన్నాను.

"ఏంటిది, నీ బండికో న్యాయం, నా బండికో న్యాయమా?" అన్నాడు బావ కాస్త కష్టపెట్టుకుని. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఇదే ప్రశ్న చాలామందికి వస్తుంది కాబట్టి.

ముందు పోయింది పంపేనని తేల్చుకోవాలి. హోస్ క్లిప్పు వదులైనా, రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడినా కూలెంట్ పోతుంది. వాటికి పంపు మార్చేస్తే డబ్బు దండగ. పంపు షాఫ్ట్ దగ్గర, కింది వైపు చిన్న చిల్లు ఒకటుంటుంది. లోపల నీటికీ బేరింగుకీ మధ్య సీలు ఉంటుంది. ఆ సీలు అరిగినప్పుడు నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావడానికి కంపెనీవాళ్ళు పెట్టిన దారే ఆ చిల్లు. సెల్లార్‌లో వెలుతురు చాలక, ఫోన్ టార్చ్ వేసి, చెయ్యి లోపలికి పోనిచ్చి వీడియో తీశాను. చిల్లు కింద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి చార, దాని అంచులు పచ్చగా ఉన్నాయి. బెల్టు వదులు చేసి పంపు పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) పట్టుకుని ఊపితే కొద్దిగా ఆడింది. మంచి పంపుకి ఆ ఆట అస్సలు ఉండకూడదు. అంటే సీలుతో పాటు బేరింగు కూడా పోతోందన్నమాట.

ఈ లోపు ఎవరో ఒకరు పసుపు వెయ్యమంటారు. రేడియేటర్లో సూది మొనంత చిల్లు పడితే పసుపు పేరుకుని కాసేపు ఆపితే ఆపొచ్చు, దారిలో చిక్కుకున్నవాళ్ళకి అది పనికొచ్చే చిట్కా. కానీ పంపు సీలు తిరుగుతున్న షాఫ్ట్ మీద ఉండేది. అక్కడ ఏ పొడీ నిలవదు. పైగా రేడియేటర్ సన్న గొట్టాల్లో చేరి అడ్డం పడుతుంది. వద్దు.

ఇక అసలు తేడా. నా వ్యాగనార్‌లో ఉన్నది కె10 ఇంజన్. దానికి లోపల టైమింగ్ చైన్ (పిస్టన్లని కదిపే క్రాంకునీ, వాల్వులని తెరిచే క్యామునీ లెక్క తప్పకుండా కలిపి తిప్పేది) ఉంటుంది, వాటర్ పంపుని తిప్పేది మాత్రం బయట కనిపించే బెల్టు. ఆ బెల్టు తీసినా పెట్టినా ఇంజన్ టైమింగ్‌కి సంబంధం లేదు. బావ డస్టర్‌లో ఉన్న 1.5 డీజిల్ ఇంజన్‌లో పంపుని తిప్పేది, చైన్ బదులుండే టైమింగ్ బెల్టే. పంపు తియ్యాలంటే ఆ బెల్టు ఊడదీయాలి. మళ్ళీ వేసేటప్పుడు క్రాంకునీ క్యామునీ పిన్నులతో కదలకుండా పట్టి ఉంచి, బెల్టు పళ్ళు సరిగ్గా కుదిర్చి, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్‌ని కంపెనీ చెప్పిన పద్ధతిలో బిగించాలి. ఒక పన్ను అటూ ఇటూ అయితే బండి సరిగ్గా లాగదు. ఇంకా ఎక్కువ తప్పితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి, ఇంజన్ తల విప్పాల్సి వస్తుంది. పోలో డీజిల్ టీడీఐ ఇంజన్లదీ ఇదే పద్ధతి. మీ బండి ఏ రకమో తెలియకపోతే స్పేర్ పార్ట్స్ షాపులో ఒకే మాట అడగండి: "పంపు తియ్యాలంటే టైమింగ్ బెల్ట్ ముట్టుకోవాలా?" అవునంటే ఇంట్లో చేసే ఆలోచన మానేయండి. నేను ఇంత గట్టిగా చెప్పే మాట ఈ మొత్తంలో ఇదొక్కటే.

బయటి బెల్టు రకమైతే ఇంట్లోనే మేలు అంటాను. అందరూ డబ్బు మిగులుతుందనుకుంటారు, కానీ కారణం అది కాదు. పంపు, ప్యాకింగ్ (పంపుకీ ఇంజన్‌కీ మధ్య కారకుండా వేసేది), కూలెంట్ ఎక్కడ చేసినా కొనాల్సిందే. మిగిలేది లేబర్ ఒక్కటే. సాకెట్ సెట్టు, జాక్ స్టాండ్లు, చిన్న టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) లేనివాళ్ళు అవి కొనేసరికి మొదటిసారి ఏమీ మిగలదు. అసలు లాభం తొందర లేకపోవడం. ఈ పనిలో పంపు విప్పి పెట్టడం తేలిక. అది పదేళ్ళు ఉంటుందా, పది రోజులు ఉంటుందా అన్నది రెండు చోట్ల తేలుతుంది. పాత ప్యాకింగ్ గీకడం ఒకటి, చివర్లో గాలి తీయడం రెండోది.

ప్యాకింగ్ సంగతి చెప్తాను. పాత పంపు ఊడి చేతికొచ్చాక ఇంజన్ మీద పాత ప్యాకింగ్ ముక్కలు అట్ల పెనం మీద మాడిన పిండిలా అతుక్కుని ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో గీకెయ్యాలని చెయ్యి ఊరుకోదు. ఇంజన్ బ్లాక్ అల్యూమినియం, మెత్తటి లోహం. గీత ఒక్కటి పడిందా, కొత్త ప్యాకింగ్ కింద నుంచి కూలెంట్ ఆ గీత వెంటే కారుతుంది. నేను ప్లాస్టిక్ గీకుడు ముక్కతో, మధ్య మధ్యలో గుడ్డతో తుడుచుకుంటూ, గోరు పెట్టి రాస్తే ఎక్కడా తగలనంత వరకూ గీకాను. దానికే గంట దాటింది. వెనక మూడు బళ్ళు వరసలో ఆగి ఉన్న మెకానిక్‌కి ఆ గంట దొరకదు.

మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది, ఉప్పు గాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఆరుబయట నిలిపే బళ్ళకి బోల్టులు తుప్పుతో కరిచిపట్టుకుని ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేయండి. మర్నాడు పానా వేసినప్పుడు బోల్టు కదిలీ కదలనట్టు రబ్బరులా మెత్తగా తిరుగుతోందంటే ఆగిపోవాలి. అది వదలడం కాదు, మెలి తిరుగుతోంది. మళ్ళీ స్ప్రే కొట్టి, కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా బుజ్జగించాలి. విరిగితే ముక్క తీయడానికి లేత్ పని తెలిసిన మనిషి కావాలి. ఆటోనగర్‌లో మనుషులు దొరుకుతారు గానీ బండి అక్కడికి నడిచి వెళ్ళదు. అందుకే ఆదివారం కాకుండా, షాపులు తెరిచి ఉండే శనివారం పొద్దున్నే మొదలుపెట్టండి. ఇంట్లో ఇంకో బండి ఉంటే మరీ మంచిది.

చేసేటప్పుడు ఒక కిటుకు. పుల్లీ బోల్టులతో బిగించే రకమైతే, బెల్టు బిగువుగా ఉండగానే వాటిని కొంచెం వదులు చేసుకోవాలి. బెల్టు తీసేశాక పుల్లీ చేతిలో గిర్రున తిరుగుతుంది, బోల్టు రాదు. కొత్త పంపు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. 6 ఎంఎం బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు దాదాపు సరిపోతుంది, మీ ఇంజన్‌కి మాన్యువల్లో ఉన్న అంకె చూసుకోండి. ఇంకా గట్టిగా ఉండాలని నొక్కితే మర పోతుంది.

గాలి తీయడం దగ్గర ఓపిక కావాలి. నీళ్ళు నింపి మూత పెట్టేస్తే లోపల గాలి బుడగ ఉండిపోయి, కొత్త పంపుతోనే బండి వేడెక్కుతుంది. మూత తీసి, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి (విశాఖలో ఆ నాబ్ ఎవరూ తిప్పరు, అయినా తిప్పాలి), ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, ఫ్యాన్ తిరిగే దాకా పై హోస్ నొక్కుతూ, మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండాలి. పోసేది కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం, లేదా కలిపి అమ్మే డబ్బా. ఒకసారి నా బండికే హోస్ మార్చినప్పుడు ఒక షెడ్డులో కుర్రాడు బోరు కుళాయి నీళ్ళు పోసేశాడు. మన బోరు నీళ్ళు కాగబెట్టే గిన్నెలో పట్టే తెల్లటి పొర ఇంజన్ లోపలా పడుతుంది. ఇంకోటి, వేడి మీద ఉన్న బండి మూత ఎప్పుడూ తెరవకండి. లోపల ప్రెషర్ ఉండబట్టే అది 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణం ముఖం మీదికి చిమ్ముతుంది.

బయటి బెల్టు బండే అయినా ఇంట్లో వద్దనే సందర్భాలున్నాయి. టెంపరేచర్ ముల్లు ఇప్పటికే ఎరుపు దాకా వెళ్ళిందా, హెడ్ గాస్కెట్ (ఇంజన్ తల కింద ఉండే ప్యాకింగ్) పోయిందేమో చూడాలి, అది మన పని కాదు. చదునైన నేల లేకపోయినా, జాకీ తప్ప స్టాండ్లు లేకపోయినా అంతే. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కింద తల పెట్టొద్దు, దండం పెట్టి చెప్తున్నాను.

మరి షెడ్డా, కంపెనీ సర్వీస్ సెంటరా? బావ బండిని సర్వీస్ సెంటర్‌కే పంపించాం. టైమింగ్ పిన్నులు, టెన్షనర్ లెక్కలు వాళ్ళ దగ్గర ఉంటాయి, బిల్లు మీద వారంటీ ఉంటుంది. పంపుతో పాటు బెల్టు, టెన్షనర్ కూడా మార్చమన్నాం. ఎలాగూ అంతా విప్పుతున్నారు, లేబర్ అదే. కారిన కూలెంట్ తగిలిన బెల్టుని మళ్ళీ వెయ్యడం కూడా మంచిది కాదు. ఆ ఇంజన్ మీద చెయ్యి తిరిగిన షెడ్డు మెకానిక్ తెలిసుంటే నేను ఆయన దగ్గరికే వెళ్ళేవాణ్ణి. అలాంటివాళ్ళు పాత పంపు మీ చేతిలో పెట్టి ఎక్కడ పోయిందో చూపిస్తారు. తెలియని షెడ్డు అయితే ముందే మూడు అడగండి: పిన్నులు వేసి చేస్తారా, ఏ కంపెనీ పార్టు, ఏ నీళ్ళు పోస్తారు. జవాబు చెప్పడానికి విసుక్కుంటే బండి అక్కడ వదలకండి. ఈ పనికి బండిని నడిపించుకుని కూడా వెళ్ళొద్దు. మధురవాడ నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు ట్రాఫిక్‌లో ముల్లు లేచిందంటే హెడ్ వంకర పోవచ్చు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ సాయం ఉందేమో చూసి బండిని ఎక్కించి పంపండి. బావ అలాగే పంపాడు.

పాత కూలెంట్‌ని నేను టబ్బులో పట్టి, క్యాన్‌లో పోసి బిగించి, తెలిసిన షెడ్డులో వేస్ట్ డ్రమ్ములో పోయించాను. సెల్లార్ కాలవలో పోయొద్దు. తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. మా సెల్లార్‌లో పడుకునే ఊరకుక్క ఒకటుంది. ఆ మధ్యాహ్నమంతా దాన్ని అటు రానివ్వకుండా మా పెద్దాడు బిస్కెట్లు పట్టుకుని కాపలా కూర్చున్నాడు.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను. పొద్దున పొడిగా ఉంది. రెండో రోజు రిజర్వ్ డబ్బాలో మట్టం కాస్త తగ్గితే పోశాను, మిగిలిన గాలి అప్పుడు బయటికి వచ్చింది. మూడో రోజు సింహాచలం ఘాట్ ఎక్కించాను. ముల్లు మధ్యలోనే నిలబడింది.

బావ బండి కింద కూడా అట్ట పరవమన్నాను. ఆయన రోజూ పొద్దున్నే ఫోటో పంపిస్తున్నాడు.