ఉట్టిలా వేలాడే బ్యాంకు భవనం
పర్లాకిమిడిలో బ్యాంకు పని అంటే అద్దె మేడ మెట్లెక్కి వరుసలో నిలబడడమే కనుక, హాంకాంగ్‌లోని హెచ్‌ఎస్‌బీసీ ప్రధాన భవనం కింద ఎవరినీ అడగకుండా ఒక వీధి నుండి మరో వీధికి నడిచిపోగలగడం నాకు మిక్కిలి నచ్చింది. నార్మన్ ఫాస్టర్ రూపకల్పనలో 1985లో పూర్తయిన ఈ 179 మీటర్ల కట్టడంలో అంతస్తులు నడిమి స్తంభాలపై ఆనవు. ఎనిమిది ఉక్కు స్తంభ సముదాయాలకు అమర్చిన దూలాల నుండి, ఉట్టికి కుండలు వేలాడినట్లు, వేలాడుతాయి. దక్షిణ ముఖాన ఉన్న అద్దాలు ఎండను లోపలికి మళ్లిస్తాయి, శీతలీకరణకు సముద్రపు నీటిని వాడుతారు. వాకిట 1935 నాటి కంచు సింహాలు రెండు కాపలా ఉన్నాయి. అందరిలాగే నేనూ తాకి వచ్చాను. బూడిద రంగు ముఖభాగం మాత్రం, మహేంద్రగిరి పచ్చదనానికి అలవాటుపడిన నా కంటికి, కొంత యంత్రశాలలా తోచింది.