ఇంట్లో తయారుచేసుకున్న 6 అంగుళాల దూరదర్శిని: ఏడేళ్ళ వాడకం తరువాత

అద్దాన్ని చేత్తో అరగదీసి, గొట్టాన్నీ పీఠాన్నీ సొంతంగా అమర్చుకున్న న్యూటన్ పద్ధతి దూరదర్శినిని ఏడేళ్ళుగా వాడుతున్నాను. ప్రధాన దర్పణం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం (దర్పణం నుంచి వెలుగు కలిసే బిందువుకు ఉన్న దూరం) 1200 మిల్లీమీటర్లు. తయారుచేసేటప్పుడు నా భయమంతా అద్దం గురించే. ఇన్నేళ్ళలో విసిగించింది మాత్రం చెక్క.

ఆ నాభ్యంతరానికి గాజు మధ్యలో రావలసిన లోతు 1.2 మిల్లీమీటర్ల లోపే. ముతక సిలికాన్ కార్బైడ్ పొడితో అది త్వరగానే వచ్చింది కానీ, సన్నని పొడులన్నీ దాటి, పిచ్ (తారులాంటి జిగురు పదార్థం) పూసిన పలక మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టేసరికి వారాలు గడిచాయి. పొడి మార్చే ముందు బల్లా బకెట్టూ కడగడానికి బద్ధకించిన ఒక రోజున ముతక రేణువొకటి అద్దంపై గీత పెట్టి, నన్ను రెండు దశలు వెనక్కి పంపింది. చివరి పని, వెలుగంతా ఒకే బిందువులో కలిసేలా గోళాకారపు వంపును పరావలయంగా మార్చడం. ఆ రెండు వంపులనూ మధ్యలో కలిపి చూస్తే అంచు దగ్గర తేడా మిల్లీమీటరులో పదివేల వంతుల్లో మూడు మాత్రమే. అంత సూక్ష్మమైన తేడాను ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లియోన్ ఫోకో 1850ల చివర రూపొందించిన పరీక్షలో ఒక దీపమూ ఒక బ్లేడూ బయటపెట్టగలగడం నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

ఫలితం గురించి ఫిర్యాదు లేదు. అభిజిత్ నక్షత్రం పక్కనున్న ఎప్సిలాన్ లైరే అనే నాలుగు నక్షత్రాల గుంపులో రెండు జంటలూ 120 రెట్ల వృద్ధీకరణంలో, గాలి నిలకడగా ఉన్న రాత్రి, నాలుగు చుక్కలుగా విడిపోతాయి. గురుగ్రహంపై ఉపగ్రహాల నీడలు కదలడం చాలాసార్లు చూశాను. అయితే దూరదర్శినిని బయట పెట్టిన వెంటనే చూసి అద్దాన్ని నిందించకూడదు. గాజు బయటి చలికి సర్దుకోవడానికి నాకు సుమారు గంట పడుతోంది.

దూరదర్శినిని చేత్తో పక్కలకూ, పైకీ కిందికీ తిప్పుకునే సాదా చెక్క పీఠాన్ని, అంటే జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన నమూనానే ఎంచుకున్నాను. చవకైన ప్లైవుడ్డుతో చేసిన దాని అడుగు పలక మూడో ఏట తేమకు ఉబ్బి, గ్రహాన్ని వెంబడించేటప్పుడు కుదుపు మొదలైంది. వార్నిష్ వేయని కోత అంచులే కారణం. మంచి పలకతో తిరిగి చేసి, అంచులు మూసి, పీఠం నునుపుగా జారేలా టెఫ్లాన్ ముక్కలు అమర్చాక అదే అద్దం కొత్తదానిలా అనిపించింది. గొట్టాన్ని మోసుకెళ్ళిన ప్రతిసారీ దర్పణాలను తిరిగి వరుసలోకి తేవాలి. అలవాటైతే అయిదు నిమిషాల పని. అద్దానికి మెరుపునిచ్చే అల్యూమినియం పూత మందగించడంతో ఆరో ఏట కొత్తగా వేయించాను.

గ్రహాలు చూడడమే కోరికైతే తయారైనదాన్ని కొనుక్కోవడం మేలు. గాజుతో నెలల తరబడి కుస్తీ పట్టడం ఇష్టమైనవారు మాత్రం అద్దానికి ఇచ్చే ఓపికలో సగమైనా పీఠానికి మొదటే కేటాయించాలి. నేను ఆ పని మూడేళ్ళు ఆలస్యంగా చేశాను.