నులిపురుగుల మట్టి పరీక్ష: గడ్డిబీడుకు పనికొచ్చిన సేవ

గొర్రెల మేతకు వదిలిన మా రెండెకరాల బీడులో గడ్డి ఎందుకు పలచబడుతోందో తెలుసుకోవడానికి మట్టి నమూనాను ఒక ప్రైవేటు ప్రయోగశాలకు పంపాను. నివేదిక ఆలస్యంగా అందినా, మట్టిలో బతికే సూక్ష్మమైన నులిపురుగులన్నింటినీ (నెమటోడ్లను) ఒకే గాటన కట్టకుండా, వేర్ల రసం పీల్చేవాటిని, బ్యాక్టీరియాను తిని నత్రజనిని మొక్కలకు అందే రూపంలో విడుదల చేసేవాటిని విడివిడిగా లెక్కించి చూపడం నాకెంతో నచ్చింది. మొదటి రకమంతా శత్రువులేననడమూ తొందరపాటే. 2003లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో నులిపురుగులు సహా మట్టిజీవులు ఆధిపత్యం చూపే మొక్కలను అదుపుచేసి, ఇతర జాతులకు చోటు కల్పించినట్లు తేలింది. అందుకే నివేదిక చివర విచక్షణ లేకుండా మట్టిలోని నులిపురుగులను చంపే మందును సిఫారసు చేయడాన్ని నేను అంగీకరించలేను. నమూనా ఎండితే పురుగులు చచ్చి లెక్క తప్పుతుంది కనుక, వేర్లున్న లోతు నుంచి తీసిన మట్టిని తడి ఆరకుండా, ఎండ తగలకుండా పంపాలి.