ఆఫీసు పనికీ సినిమాలకీ ఒకటే ల్యాప్‌టాప్: ఐపీఎస్ స్క్రీనా, ఓలెడ్డా?

స్పెసిఫికేషన్లలో "45% ఎన్‌టీఎస్‌సీ" అని కనిపిస్తే ఆ ల్యాప్‌టాప్‌ని సినిమాల లెక్కలోంచి తీసేయొచ్చు. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. 45% ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీ లెక్కన సుమారు 60-65 శాతమే. ఎర్రటి బట్టలు ఇటుక రంగులోకి దిగిపోతాయి, ముఖాలు పాలిపోయినట్టుంటాయి. మెయిల్, ఎక్సెల్ వరకైతే దాంతో ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఆఫీసు మోడళ్లలో ఇంకా అదే పెడుతున్నారు. రెండు పనులకూ ఒకటే కావాలంటే "100% ఎస్‌ఆర్‌జీబీ" అనో, "72% ఎన్‌టీఎస్‌సీ" అనో రాసి ఉండాలి. ఈ రెండూ దాదాపు ఒకటే. అసలేమీ రాయలేదంటే తక్కువ రకమే అనుకోండి. "ఎస్‌వీఏ" అని ఉంటే అది టీఎన్ అనే పాత, చవక రకం ప్యానెల్. స్క్రీన్‌ని కాస్త వెనక్కి వంచితే చాలు, రంగులు తిరగబడతాయి. దాని జోలికే వెళ్లొద్దు.

ఆఫీసు పనికి 16:10 (వెడల్పు 16, ఎత్తు 10 పాళ్లు) స్క్రీన్ తీసుకోమని అందరూ చెప్పేదే, అది నిజమే కూడా. 1920×1080 బదులు 1920×1200 ఉంటే నిలువునా 120 పిక్సెళ్లు ఎక్కువ. అక్షరాలన్నీ 125 శాతానికి పెంచి చూపే స్కేలింగ్‌లో ఎక్సెల్‌లో మరో నాలుగైదు వరుసలు పడతాయి. సినిమా దగ్గరికొచ్చేసరికి ఇదే ఎదురు తిరుగుతుంది. 2.39:1లో, అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లుండేలా తీసిన సినిమా ఈ స్క్రీన్ మీద 803 పిక్సెల్ వరుసల్లోనే సర్దుకుంటుంది. పైనా కిందా కలిపి 397 వరుసలు, అంటే స్క్రీన్‌లో మూడో వంతు, నల్ల పట్టీలే.

ఆ పట్టీలు నిజంగా నల్లగా ఉంటాయా అన్నదే ఐపీఎస్‌కీ ఓలెడ్‌కీ అసలు తేడా. ఐపీఎస్‌లో స్క్రీన్ వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూ ఉంటుంది, ఓలెడ్‌లో ఒక్కో పిక్సెల్ దానంతటదే వెలుగుతుంది. మామూలు ఐపీఎస్‌ కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ వెలుగులో తేడా) 1000:1 నుంచి 1500:1 దాకా ఉంటుంది. లైట్లున్న గదిలో అది నలుపులాగే కనిపిస్తుంది. లైట్లు తీసేశాక మాత్రం పట్టీలు బూడిద రంగులో వెలుగుతూ ఉంటాయి, రాత్రి సన్నివేశాల్లో నీడలన్నీ ఒకే ముద్దగా కలిసిపోతాయి. ఓలెడ్‌లో నల్లటి చోట పిక్సెల్ ఆరిపోతుంది కాబట్టి ఆ గొడవే లేదు. నిట్స్ అంటే స్క్రీన్ వెలుతురు కొలత. 300 నిట్స్ ఐపీఎస్ మీద "హెచ్‌డీఆర్ సపోర్ట్" (వెలుగునీడల తేడాను మరింత బాగా చూపే వీడియో) అని స్టిక్కర్ ఉన్నా దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అయితే ఓలెడ్ తీసుకుంటే సరిపోదా? రోజులో ఎక్కువ సమయం తెల్లటి డాక్యుమెంట్లతో గడిపేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. తెల్లటి పేజీకే ఓలెడ్ ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. టాస్క్‌బార్ లాంటివి కదలకుండా ఒకేచోట ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ ఆ మచ్చ స్క్రీన్ మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. టాస్క్‌బార్‌ను ఆటో హైడ్‌లో పెట్టి, డార్క్ మోడ్ వాడితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

అంతకంటే ముఖ్యమైంది మిణుకు. చాలా ఓలెడ్ ల్యాప్‌టాప్‌లు బ్రైట్‌నెస్ తగ్గించడానికి స్క్రీన్‌ని సెకనుకు 240 సార్లో, 480 సార్లో ఆర్పి వెలిగిస్తాయి. ఇది కంటికి కనిపించదు కానీ కొందరికి గంటా రెండు గంటల్లో తలనొప్పి తెస్తుంది. కొనేముందే పరీక్షించుకోవచ్చు. బ్రైట్‌నెస్‌ను 25 శాతానికి దించి, తెల్లటి పేజీ తెరిచి, ఫోన్ కెమెరాని ప్రో మోడ్‌లో షటర్ 1/1000 దగ్గర పెట్టి చూడండి. అడ్డంగా దట్టమైన చారలు కదులుతుంటే మిణుకు ఉన్నట్టే. కొన్ని కంపెనీలు తమ యాప్‌లో ఫ్లికర్ తగ్గించే డిమ్మింగ్ ఇస్తాయి. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎక్కువలోనే ఉంచి, వెలుతురును సాఫ్ట్‌వేర్‌తో తగ్గించడమే అది చేసే పని.

కాబట్టి రోజూ ఏడెనిమిది గంటలు అక్షరాలే చూసేవాళ్లకు 14 అంగుళాల 1920×1200 ఐపీఎస్, 100% ఎస్‌ఆర్‌జీబీ, 400 నిట్స్, మ్యాట్ స్క్రీన్ బాగా సరిపోతుంది. కిటికీ పక్కన కూర్చోకపోతే 300 నిట్స్ అయినా చాలు. రాత్రి లైట్లు తీసేసి సినిమా చూడటమే ముఖ్యమైతే 2880×1800 ఓలెడ్ తీసుకోండి. రెజల్యూషన్ తక్కువున్న ఓలెడ్‌లో అక్షరాల అంచుల్లో సన్నటి రంగు గీతలు కనిపిస్తాయి, ఇందులో అది దాదాపు తెలియదు. పైగా అలాంటివి ఎక్కువగా 120 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే స్క్రీన్‌తో వస్తాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా ఐదుసార్లు పడుతుంది. 60 హెర్ట్జ్‌లో ఒకటి మూడుసార్లు, పక్కది రెండుసార్లు పడటంతో కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లలో చిన్న కుదుపు వస్తుంది.

ల్యాప్‌టాప్ ఇంటికి రాగానే ఒక సెట్టింగ్ మార్చాలి. చీకటి సీన్ రాగానే స్క్రీన్ దానంతటదే మసకబారుతుంటే ప్యానెల్‌ని తిట్టొద్దు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం నొక్కితే "ఛేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్" అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. ఐపీఎస్ అయితే రిటర్న్ గడువు దాటకముందే చీకటి గదిలో పూర్తి నల్లటి బొమ్మ పెట్టి, ఫుల్ బ్రైట్‌నెస్‌లో మూలలు చూడండి. తల పక్కకి జరిపితే ఆ వెలుగు కూడా జరుగుతుంటే అది ఐపీఎస్ సహజ గుణం, ఏ పీస్ తెచ్చినా ఉంటుంది. ఎటు నుంచి చూసినా ఒకేచోట అంటుకున్నట్టుంటే అది బ్యాక్‌లైట్ లీక్, పీస్ మార్చి ఇమ్మని అడగండి.