అప్పుడప్పుడు ఫొటోలు తీసేవారికి ప్రొప్రైటర్‌షిప్పా, ఎల్‌ఎల్‌పీనా?

వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, ముహూర్తాలున్నప్పుడు పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "లీగల్‌గా ఒక పేరు పెట్టుకోవాలి. ఎల్‌ఎల్‌పీ అయితే సేఫ్ అంటున్నారు, నిజమేనా?"

ప్రొప్రైటర్‌షిప్ అంటే ఒక్కరి సొంత వ్యాపారం, ఎల్‌ఎల్‌పీ అంటే భాగస్వాముల బాధ్యతకు హద్దు ఉండే భాగస్వామ్య సంస్థ. నేనైతే ముందు ఒక్క లెక్క చూస్తాను. ఆషాఢంలోనో, మూఢంలోనో ఒక్క పెళ్లీ లేని నెలల్లో ఆ ఏర్పాటు మన చేత ఎంత ఖర్చు పెట్టిస్తుంది?

ప్రొప్రైటర్‌షిప్‌కు ఏ ఖర్చూ కాదు. మీ పాన్‌తోనే నడిచిపోతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. ఆ సర్టిఫికెట్‌తో స్టూడియో పేరు మీద కరెంట్ అకౌంట్ తెరవొచ్చు. కొన్ని బ్యాంకులు లేబర్ లైసెన్సు లాంటి ఇంకో కాగితం కూడా అడుగుతాయి. ఈ ఆదాయాన్ని జీతంతో కలిపి చూపించాలి కాబట్టి ఆదాయపు పన్ను రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 కుదరదు, 3 గానీ 4 గానీ వేయాలి.

ఎల్‌ఎల్‌పీకి కనీసం ఇద్దరు భాగస్వాములు కావాలి. లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. జీతం వల్ల ఇప్పటికే ఆ శ్లాబులో ఉన్నవారికి ఇది పెద్ద తేడా కాదనుకోండి. కానీ ఏడాదంతా కెమెరా బ్యాగు జిప్పు తీయకపోయినా మే 30లోపు ఫారం 11 (వార్షిక రిటర్న్), అక్టోబరు 30లోపు ఫారం 8 (లెక్కల నివేదిక) వేయాల్సిందే. ఆలస్యమైతే అదనపు ఫీజు, ఆపైన సీఏ ఫీజు.

మరి సేఫ్టీ సంగతి? కార్డు కరప్టయి తలంబ్రాల ఫొటోలన్నీ పోయాయి, పెళ్లివారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు అనుకుందాం. ఎల్‌ఎల్‌పీ ఉంటే మన ఇంటి జోలికి రారని చాలామంది ధీమా. 2008 నాటి ఎల్‌ఎల్‌పీ చట్టం భాగస్వామిని కాపాడేది సంస్థ అప్పుల నుంచి, పక్కవాడి తప్పుల నుంచి. సొంత తప్పుకు మాత్రం ఎవరికి వారే బాధ్యులు. కెమెరా పట్టేది మీరొక్కరే, రెండో భాగస్వామి పేరుకు మీ ఆవిడ అయితే ఇక ఆ రక్షణ మీకెందుకు? రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డయ్యే కెమెరా, ఫొటోలు పోతే ఎంతవరకు చెల్లిస్తారో రాసుకున్న ఒప్పందం అంతకంటే ఎక్కువ పనికొస్తాయి.

ఏకవ్యక్తి కంపెనీకి ఏటా ఆడిట్ తప్పనిసరి, దాన్ని వదిలేయండి. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో బాధ్యతకు హద్దే లేదు, అదీ అంతే.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ వేరే విషయం. ఫొటోగ్రఫీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేవరకు అక్కర్లేదు. జీతం అందులోకి రాదు. హైదరాబాద్‌లో ఉండి బెంగళూరులో పెళ్లి తీసినా ఇదే లెక్క. కెమెరా మీద కట్టిన పన్ను వెనక్కి వస్తుందని కొందరు ముందే రిజిస్ట్రేషన్ తీసుకుంటారు. 2 లక్షల కెమెరా బాడీలో దాదాపు 30 వేలు పన్నే కాబట్టి ఆశ సహజం. అక్కడి నుంచి ప్రతి బిల్లు మీదా 18 శాతం వేయాలి. 50 వేల ప్యాకేజీ 59 వేలైందంటే పెళ్లికూతురి తండ్రి "బిల్లు వద్దులే బాబూ, యాభైకే కానీయ్" అంటాడు. పని లేకపోయినా, ఏమీ లేదని చెప్పే నిల్ రిటర్న్ వేయాలి, మరిచిపోతే రోజుకు 20 రూపాయలు. మీ పనిలో సగం కంపెనీల ప్రొడక్ట్ షూట్లయితే మాత్రం తీసుకోండి, వాళ్లు జీఎస్టీ బిల్లే అడుగుతారు. దానికీ ప్రొప్రైటర్‌షిప్ చాలు.

ఇద్దరు స్నేహితులు చెరిసగం డబ్బు పెట్టి, ఒకే ముహూర్తానికి రెండు చోట్లకు టీములు పంపుతున్నారంటే అప్పుడు నేనూ ఎల్‌ఎల్‌పీకే ఓటేస్తాను. ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముందు అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తీసి చదవండి, ప్రభుత్వోద్యోగులైతే అనుమతి సంగతి చూసుకోండి. ఎల్‌ఎల్‌పీ భాగస్వాముల పేర్లు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో ఉంటాయి, హెచ్‌ఆర్ వాళ్లు వెతికితే ఇట్టే దొరుకుతాయి.