జిబ్లీ మ్యూజియం టికెట్లు రీసేల్ సైట్లలో కొనకండి, మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు

టోక్యోలో ఉండేవాళ్లు, సెలవలకి ఊరి నుంచి ఇంట్లోవాళ్లని పిలిపించుకునేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. టోక్యో శివార్లలో మిటాకాలో ఉన్న జిబ్లీ మ్యూజియంకి (జపాన్ కార్టూన్ సినిమాలు తీసే స్టూడియో జిబ్లీ వాళ్లది), ఒకరు కొన్నవి మళ్లీ అమ్మే ఒక రీసేల్ సైట్‌లో టికెట్లు కొని 28,000 యెన్లు పోగొట్టుకున్నాను, మన డబ్బుల్లో దాదాపు 16,000. డబ్బు సంగతి అలా ఉంచండి, ఎనిమిదేళ్ల పిల్ల గేటు బయట నిలబడి ఏడ్చింది, అది మాత్రం నా కళ్ల ముందునుంచి పోవట్లేదు.

జరిగింది చెప్తాను. మా అక్క, బావ, మేనకోడలు విజయవాడ నుంచి మే రెండో వారంలో వచ్చారు. వీసా చేతికొచ్చి తేదీలు ఖాయమయ్యేసరికి ఏప్రిల్ 20 దాటిపోయింది, అప్పుడు చూస్తే మే నెల టికెట్లు మొత్తం అయిపోయాయి. ఈ మ్యూజియం అంటే మా మేనకోడలికి ప్రాణం, లోపల పై అంతస్తులో వాళ్ల సినిమాలో ఉండే పిల్లి ఆకారం బస్సు మెత్తటి బొచ్చుతో పెద్దది ఉంటుంది, చిన్న క్లాసుల పిల్లలు దాన్ని ఎక్కి ఆడుకోవచ్చు, రెండు నెలల నుంచి వీడియో కాల్‌లో అదే గోల, "మామయ్యా బూట్లు విప్పి ఎక్కాలా, కిటికీలోంచి దూకనిస్తారా" అని. టికెట్లు లేవమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సెర్చ్ చేస్తే అన్నిటికన్నా పైన ఒక సైట్ వచ్చింది, పక్కన చిన్న అక్షరాలతో అది ప్రకటన అని ఉంది, నేను చూసుకోలేదు. మనిషికి 7,000, పిల్లకీ అంతే. పైన టైమర్ తిరుగుతోంది, ఇంకా నాలుగే మిగిలాయి అని ఎర్రగా వెలుగుతోంది, కార్డ్ కొట్టేశాను.

అసలు రేటు ఎంతో తెలుసా, పెద్దవాళ్లకి 1,000 యెన్లు, 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 400, మరీ చిన్నవాళ్లకి 100, నాలుగేళ్ల లోపు ఫ్రీ. అంటే మా నలుగురికీ కలిపి 3,400 అయ్యేది.

టికెట్ ముందు రోజు రాత్రి 11 గంటలకి మెయిల్‌లో వచ్చింది, అది కూడా టికెట్ కాదు, ఎవరిదో ఫోన్ స్క్రీన్‌కి తీసిన ఫోటో. క్యూఆర్ కోడ్, దాని కింద మాకెవరికీ సంబంధం లేని ఒక పేరు. నాకు అక్కడే గుండె జారింది, ఈ పేరేంటి అని మెసేజ్ పెడితే రెండు నిమిషాల్లో జవాబు, పేరు ఎవరూ చూడరు ధైర్యంగా వెళ్లండి అని. మర్నాడు బయల్దేరాం, టోక్యో తూర్పున నిషి కసాయ్‌లో తోజాయ్ లైన్ మెట్రో ఎక్కితే కొన్ని రైళ్లు మారే పని లేకుండా మిటాకా దాకా వెళ్తాయి, స్టేషన్ నుంచి కాలవ గట్టు మీద చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లాం, ఇంకా ఎంత దూరం ఉందో చెప్పే బోర్డు కనిపించినప్పుడల్లా పిల్ల పరిగెత్తి వెళ్లి అంకె చదివి వచ్చి మాకు చెప్తోంది.

గేటు దగ్గర అమ్మాయి కోడ్ చూసి పాస్‌పోర్ట్ అడిగింది. ఈ పేరున్న మనిషి మీతో వచ్చారా అంది. లేరు అన్నాను. కొన్న మనిషి తప్పనిసరిగా వెంట ఉండాలి, చేతులు మారిన టికెట్ చెల్లదు, ఆ రూల్ వాళ్ల సైట్‌లో రాసే ఉంది, ఆవిడ తప్పు ఏమాత్రం లేదు. వెనక లైన్ పెరుగుతున్నా కంగారు పెట్టలేదు, పిల్ల ఎత్తుకి వంగి సారీ చెప్పింది. పోనీ ఇక్కడే కొందామా అంటే మ్యూజియం దగ్గర అసలు టికెట్లు అమ్మరు, అంతా ముందస్తు బుకింగే. బావ ఒక్క మాట అనలేదు నన్ను, అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ సాయంత్రం సైట్‌కి రాస్తే మేము అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలుపుతాం అంతే, లోపలికి పంపిస్తామని ఎక్కడా హామీ ఇవ్వలేదు అన్నారు. తిరిగి రాస్తే జవాబే లేదు. ఇక్కడ ఉండేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, 188 కి ఫోన్ చేస్తే మీ ఏరియా కన్స్యూమర్ సెంటర్‌కి కలుపుతారు. నేను చేశాను, ఓపిగ్గా విన్నారు. ఇంటికి వచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొన్నదైతే ఎనిమిది రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది కానీ ఆన్‌లైన్‌లో మనమే కొన్నదానికి అది వర్తించదట, నేను ఉంటుందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. అందుకని మెయిళ్లు, పేజీ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి కార్డ్ కంపెనీలో డిస్ప్యూట్ (ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు) వెయ్యమన్నారు, వేశాను.

సరిగ్గా కొనే పద్ధతి ఇది. ప్రతి నెలా 10వ తారీఖు జపాన్ టైమ్ ఉదయం 10 గంటలకి తర్వాత నెల టికెట్లు వదులుతారు, లాసన్ టికెట్ అనే టికెట్లమ్మే సైట్‌లో, మ్యూజియం సొంత సైట్ నుంచే ఆ లింక్‌కి వెళ్లండి, సెర్చ్‌లో పైన వచ్చింది నొక్కకండి. ఇంగ్లీష్ పేజీ కూడా ఉంది, ఇండియాలో కూర్చుని కొనాలంటే మనకి అప్పుడు ఉదయం 6:30. శని ఆదివారాలవి చాలా త్వరగా అయిపోతాయి. కొనేవాళ్ల పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇవ్వండి, ఆ మనిషి తప్పకుండా వెంట వెళ్లాలి. డేట్ మార్చడం, డబ్బు వాపస్ ఉండవు. కాబట్టి ఇంటివాళ్లు వస్తున్నారంటే విమానం టికెట్ కన్నా ముందు ఈ 10వ తారీఖు చూసుకోండి. మంగళవారాలు మామూలుగా సెలవు.

సుమో కుస్తీ పోటీలకి కూడా ఇదే జాగ్రత్త, టోక్యోలోని ర్యోగోకులో జనవరి, మే, సెప్టెంబర్‌లో పదిహేనేసి రోజులు జరుగుతుంది, అక్కడా రీసేల్ వాళ్లు ఎక్కువ. ఆటలు, కచేరీల టికెట్లు నిర్వాహకుల అనుమతి లేకుండా ఎక్కువ రేటుకి అమ్మడాన్ని వ్యాపారంగా పెట్టుకుంటే నేరం అని 2019 జూన్ నుంచి చట్టమే ఉంది, అయినా బయటి దేశాల సైట్లు ఆగట్లేదు.

ఆ రోజు మమ్మల్ని ఆదుకుంది పక్కనే ఉన్న ఇనొకషిరా పార్క్. మ్యూజియంలోకి వెళ్లలేకపోయినవాళ్లు అక్కడినుంచి తిన్నగా అటు నడవండి. లోపల ఒక జూ ఉంది, పెద్దవాళ్లకి 400 యెన్లు, ఎలిమెంటరీ పిల్లలకి ఏమీ లేదు, సోమవారం సెలవు. అందులో ఒక చోట ఉడతలు వలలాంటి పెద్ద పంజరంలో తిరుగుతుంటాయి, మనమే ఆ పంజరంలోకి వెళ్లి నడవాలి, ఒకటి మా పిల్ల బూటు పక్కనుంచి పరిగెత్తింది, ఏడుపు ఆపి నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. తర్వాత చెరువులో హంస బోటు తొక్కాం, పార్క్ పక్కనున్న కిచిజోజీలో ఐస్‌క్రీమ్ తిని ఇంటికొచ్చాం. రాత్రి పడుకునే ముందు అడిగింది, "పిల్లి బస్సు రేపు ఉంటుందా మామయ్యా" అని.

డిస్ప్యూట్ ఇంకా తేలలేదు. డబ్బు వచ్చినా రాకపోయినా తేలిన రోజు మళ్లీ రాస్తాను, కార్డ్ వాళ్లు ఏ కాగితాలు అడిగారో కూడా.