కోఠి సాయంత్రం బజారు: దేనికి వెళ్ళొచ్చు, దేనికి వద్దు

రవిక ముక్కలు, లేసులు, ఫాల్స్, లోపలి లంగాలు, చున్నీలు. ఈ అయిదింటి కోసమైతే హైదరాబాద్‌లో కోఠి, సుల్తాన్ బజార్‌కి ఇప్పటికీ వెళ్ళొచ్చు. కుర్తీలు, చెప్పులు, పిల్లల బట్టలు, ఫోన్ కవర్ల కోసమైతే మాత్రం అంత దూరం పోవడం దండగ. అవే లాట్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, అమీర్‌పేటలో, కూకట్‌పల్లిలో తోపుడు బండ్ల మీద పోసి అమ్ముతున్నారు. ఒకప్పుడు ఇలా రెండు జాబితాలు రాయాల్సిన పనే లేదు. పెళ్ళి చీర తప్ప మిగతా సామానంతా, పిన్నీసుల దగ్గర్నుంచి, కోఠిలో బస్సు దిగి రెండు గంటలు తిరిగితే సంచిలో పడేది.

నేను చెబుతున్నది కోఠి బస్టాపుల దగ్గర మొదలై సుల్తాన్ బజార్ మీదుగా బడీచౌడీ దాకా, ఇటు గుజరాతీ గల్లీ దాకా సాయంత్రం పూట ఫుట్‌పాత్ మీద పరుచుకునే బజారు గురించి. వెనకున్న పక్కా మల్గీల (దుకాణాల) సంగతి వేరు. జనానికేం కొదవ లేదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమయ్యాక కోఠిలో సాయంత్రం అడుగు తీసి అడుగు వేయడం కష్టంగానే ఉంటోంది. ఆ రద్దీ చూసి బజారు పచ్చగా ఉందనుకోవద్దు. నడిచేవాళ్ళు పెరిగారు, ఆగి తాను విప్పించేవాళ్ళు తగ్గారు. విప్పించడానికి తానులే తగ్గాయి మరి.

బజారుకి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియాలంటే రవిక ముక్క కొనాలి. రవికలకి వాడే టూ బై టూ రూబియా బట్ట వందల రంగుల్లో వస్తుంది. ఒక్క మెరూన్‌లోనే అయిదారు ఛాయలుంటాయి. చీర అంచుకి కలిసే ఛాయ నిలబడ్డ చోటే దొరకాలంటే అమ్మేవాళ్ళ దగ్గర నూట యాభై, రెండు వందల తానులైనా ఉండాలి. ఇదివరకు ఫుట్‌పాత్ మీద చెక్కబల్ల వేసుకుని, వెనక గోడకి తానులు నిలబెట్టి, మీటర్ కడ్డీతో కొలిచి కత్తిరించి ఇచ్చేవాళ్ళు. మామూలు పొట్టి చేతుల రవికకి ఎనభై సెంటీమీటర్లు, మోచేతుల దాకా చేతులు కావాలంటే మీటరు, కాస్త ఒళ్ళున్న మనిషికి మీటరూ పది. ఎంత కావాలంటే అంతే కోసేవాళ్ళు.

ఇప్పుడు ఎక్కువ చోట్ల కనిపించేవి ముందే కోసి మడతపెట్టిన ముక్కలు. ఎనభై అని అమ్ముతారు. విప్పి కొలిస్తే డెబ్బై అయిదే వచ్చేవి ఉంటాయి, ఒక అంచు వంకరగా కోసినవి ఉంటాయి. ఆ వంకర సరిచేస్తే మరో రెండు మూడు సెంటీమీటర్లు పోతుంది. అలాంటి ముక్క ఇస్తే టైలర్ చేతులు కురచ చేస్తాడు, లేదా చంక కింద అతుకు వేస్తాడు. మీటరు కావలసినవాళ్ళు రెండు ముక్కలు కొనాల్సిందే. అందుకని టేపు పర్సులో వేసుకుని వెళ్ళండి. డబ్బిచ్చే ముందే ముక్క పూర్తిగా విప్పించి, రెండు అంచుల వెంటా కొలవండి.

తప్పు అమ్మేవాళ్ళది కాదు. రెండు వందల తానులు పెట్టాలంటే పెట్టుబడి ఒక్కటే చాలదు, రేపు సాయంత్రం కూడా ఇదే జాగాలో బల్ల వేసుకుంటానన్న ధీమా ఉండాలి. ఎప్పుడు లేపేస్తారో తెలియని చోట ఎవరైనా రెండు నిమిషాల్లో మూటగట్టి భుజాన వేసుకోగలిగినంత సరుకే తెస్తారు. దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుంటే చాలు, మూట అయిపోవాలి. ఆ మూటలో పట్టేవి మడత ముక్కలు, సూరత్ లాట్లు, ‘ఏది తీసుకున్నా వంద’ కుప్పలు. సరుకు లోతు తగ్గితే ఛాయ కలవదు. ఛాయ కలవనివాళ్ళు మరోసారి రారు, పది రూపాయలు ఎక్కువైనా కాలనీలో ఉన్న మ్యాచింగ్ సెంటర్‌కే వెళ్తారు. కొనేవాళ్ళు తగ్గారని మిగిలిన ఆ కాసిని తానులూ తీసేస్తారు. ఇన్నేళ్ళుగా ఈ బజారు పలచబడుతూ వచ్చింది ఈ వరసలోనే.

రంగు కలపడానికి చీరనే వెంట తీసుకెళ్ళండి. ఫోన్‌లో ఫొటోని నమ్మొద్దు. మెరూన్, నెమలి ఆకుపచ్చ, వంకాయ రంగు ఫొటోలో ఇట్టే మారిపోతాయి. వెలుతురుండగానే చేరుకోండి. డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, జూన్‌లో ఆరూ యాభై దాకా వెలుతురుంటుంది. సుల్తాన్ బజార్ రోడ్డు మీద మెట్రో వంతెన వచ్చాక కింద ఇంకా ముందే మసక కమ్ముతోంది కాబట్టి ముక్క పట్టుకుని వంతెన నీడ దాటి వచ్చి చూడాలి. బండ్ల మీద వేలాడేవి చవక రకం తెల్ల ఎల్‌ఈడీలు. వాటి వెలుగులో ఎరుపు పాలు తక్కువ, అందుకే మెరూన్ వాడిపోయి గోధుమరంగులా కనిపిస్తుంది. పాత పసుపు బల్బుల కింద నీలాలు మోసం చేసేవి, ఇప్పుడు ఎరుపులు చేస్తున్నాయి. చీకటి పడ్డాకే వెళ్ళాల్సి వస్తే రెండు వేరు వేరు రకాల దీపాల కింద పెట్టి చూడండి. రెండు చోట్లా కలిస్తే పగలు కూడా దాదాపు కలుస్తుంది. ఇంకో మాట, రూబియా పల్చన. ఒంటి పొర చీర మీద పరిస్తే కింది రంగు పైకి కనిపించి కలిసినట్టే ఉంటుంది. నాలుగు మడతలు పెట్టి చీర పక్కన ఆనించి చూడాలి.

రంగు పోతుందేమో అక్కడే తేల్చుకోవచ్చు. చేతిరుమాలు తడిపి మూల మీద పది సెకన్లు గట్టిగా రుద్దండి. మెరూన్, ముదురు నీలం, నలుపు తప్పకుండా చూడాలి. రుమాలుకి లేతగా అంటితే విడిగా ఉతుక్కుని వాడుకోవచ్చు, చిక్కగా అంటితే వదిలేయండి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అమ్మేటప్పుడు అంటారు గానీ, వదిలే రంగుని ఉప్పు ఆపదు. లైనింగ్ కాటన్‌ని మాత్రం కుట్టడానికిచ్చే ముందు రాత్రంతా నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. మీటరుకి మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు కుంచించుకుపోతుంది. ఆ పని చేయకుండా కుట్టిస్తే మొదటి ఉతుకులోనే లోపలి బట్ట లాగి పైబట్ట ఉబ్బుతుంది. కాటన్ ఫాల్‌కీ ఇదే సూత్రం, లేకపోతే చీర కింది అంచు ముడతలు పడుతుంది.

లేసులకి ఈ బజారు ఇంకా పేరు నిలుపుకుంటోంది. లెక్క తెలిసి వెళ్ళాలి, అంతే. లేసు చుట్ట మామూలుగా తొమ్మిది మీటర్లు. చీర అయిదున్నర మీటర్ల పొడవు, మీటరూ పదిహేను వెడల్పు అనుకుంటే ఒక అంచుకీ పైటకీ కలిపి ఏడు మీటర్లు చాలు, చుట్టలో రెండు మీటర్లు మిగిలి రవిక చేతులకి వస్తుంది. నాలుగు వైపులా వేయాలంటే పదమూడున్నర, అంటే రెండు చుట్టలు. రెండూ ఒకే కట్టలోంచి తీసుకోండి, జరీ మెరుపు కట్ట కట్టకీ మారుతుంది. చుట్ట మొత్తం విప్పి చూడటానికి మొహమాటపడొద్దు. మధ్యలో అతుకు ఉంటే అది సరిగ్గా పైట మీదికే వచ్చి కూర్చుంటుంది.

లోపలి లంగా కొనేటప్పుడు పొడవు కొలవండి, కలీల దగ్గర కుట్టుని రెండు చేతులా లాగి చూడండి. కుట్టు పళ్ళు తెరిస్తే తీసుకోవద్దు.

ఇక చున్నీలు. కావలసిన ఛాయ బజారంతా తిరిగినా దొరకనప్పుడు తెల్ల చున్నీ కొని రంగు వేయించుకోవడం ఈ బజారుకున్న పెద్ద బలం. పక్క గల్లీల్లో రంగ్రేజ్‌లు, అంటే బట్టలకి రంగు వేసేవాళ్ళు, ఇంకా ఉన్నారు, ముందున్నంత మంది లేరు. నమూనా ముక్క చూసి, మరిగే నీళ్ళలో రెండు మూడు పొడులు చిటికెలతో కలిపి, చున్నీని ముంచి పిండి, ఒక మూల ఇస్త్రీతో ఆరబెట్టి నమూనా పక్కన పెడతారు. తేడా ఉంటే మరో చిటికెడు వేసి మళ్ళీ ముంచుతారు. ఆ మూల ఆరకముందే సరిపోయిందనేయొద్దు. తడి మీద ఏ రంగైనా ముదురుగానే ఉంటుంది, ఆరాక ఒక మెట్టు దిగుతుంది. ఈ పని కాటన్ మల్‌కీ (పల్చని నూలు బట్ట) పట్టుకీ విస్కోస్‌కీ చెల్లుతుంది. పాలిస్టర్‌కి చెల్లదు. పాలిస్టర్ లోపలికి రంగు దిగాలంటే మూత బిగించిన యంత్రంలో 130 డిగ్రీల వేడి కావాలి, గల్లీ పొయ్యి మీద నీళ్ళు వంద డిగ్రీలు దాటవు. ఇప్పుడు కుప్పల్లో దొరికే తెల్ల చున్నీల్లో ఎక్కువ పాలిస్టరే, అందుకే రంగ్రేజ్‌లకి పని తగ్గింది. కొనే ముందు కొస నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే కాటనో విస్కోసో. కరిగి గట్టి పూస కడితే దాన్ని రంగుకివ్వడం వృథా.

మిగతా భాగాల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ ఇప్పుడు పనివాళ్ళకీ చిల్లర వ్యాపారులకీ తప్ప సాయంత్రం తిరిగేవాళ్ళకి అంతగా పనికొచ్చేవి కావు. క్యాసెట్లు, సీడీలు పోయాక ఆ గల్లీలో ఆగి చూసేది తగ్గిపోయింది. పాత పుస్తకాల వరస చిక్కిపోయింది గానీ ఇంజనీరింగ్ పిల్లలకి ఇంకా అక్కరకొస్తుంది. జేఎన్‌టీయూ పుస్తకమైతే అట్ట మీద ఆర్18, ఆర్22 లాంటి రెగ్యులేషన్ (సిలబస్) గుర్తు ఏదుందో చూసి మీదే తీసుకోండి. పేరు ఒకటే అయినా యూనిట్లు మారి ఉంటాయి.

ఈ చోటు పాతది. రెసిడెన్సీ బజార్లుగా బ్రిటిష్‌వాళ్ళ అజమాయిషీలో ఉన్న ప్రాంతం 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయింది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఈ పేటదే. 1949లో రెసిడెన్సీ భవనంలోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. చున్నీలకీ గాజులకీ క్లిప్పులకీ పక్కనే ఏటేటా కొత్త గిరాకీ. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్‌లో బాంబు పేలి జనం చనిపోయాక కూడా ఈ బజారు లేచి నిలబడింది. అంత గట్టి బజారుని నెమ్మదిగా నీరసపెట్టింది ఏళ్ళ తరబడి సాగిన అనిశ్చితి. మెట్రో దారి ఇటు రావద్దని వ్యాపారులు చాలాకాలం పోరాడారు. దారి ఇటే వచ్చింది, రోడ్డు వార మల్గీల ముందు భాగాలు కూలాయి, ఆ గోడలకి ఆనుకుని బల్లలు వేసుకున్నవాళ్ళు చెల్లాచెదురయ్యారు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్), ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) మధ్య మెట్రో రైలు మొదలైంది. ఏడు వారాలు తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. మెట్రో తెచ్చే గిరాకీ అందుకోవాల్సిన సమయంలో బజారు మూసి ఉంది. తెరిచాక తానులతో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఆ ఏడాది జూన్‌లో వీధి వ్యాపారులకి అప్పులివ్వడానికి మొదలైన పీఎం స్వనిధి పథకం కింద తొలి విడత అప్పు పది వేలు, 2025లో దాన్ని పదిహేను వేలు చేశారు. మంచిదే. కాకపోతే ఆ డబ్బుతో కుప్ప సరుకు వస్తుంది, తానుల బల్ల నిండదు. బల్ల నిండాలంటే జాగా ఖాయం కావాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఆ మాటే చెబుతోంది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళని లేపకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరుకు, పాడైపోయేది కాకపోతే, అడిగిన రెండు పని దినాల్లో తిరిగివ్వాలి. ఊళ్ళో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. యాభై ఏళ్ళు దాటిన సహజ మార్కెట్లని (కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ తమంతట తామే చేరే చోట్లని) వారసత్వ మార్కెట్లుగా ప్రకటించి అక్కడివాళ్ళని కదపకూడదని చట్టం షెడ్యూల్‌లోనే రాసి ఉంది. హైదరాబాద్‌లో ఆ మాటకి సుల్తాన్ బజార్ కంటే తగిన చోటు ఏదుంది? ఆరడుగుల జాగా గీసి, రాత్రి తానులు పెట్టుకోవడానికి తాళం వేసే గది గల్లీకొకటి చూపిస్తే చాలు, రంగులు వాటంతటవే తిరిగొస్తాయి. వ్యాపారం తెలిసినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు.

వెళ్ళేవాళ్ళకి: సికింద్రాబాద్ వైపు నుంచి సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగండి. అమీర్‌పేట, ఎల్బీనగర్ వైపు నుంచైతే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. బండి, కారు వద్దు, పెట్టడానికి చోటు ఉండదు. నాలుగున్నరకల్లా చేరి ముందు రవిక రంగు కలుపుకోండి, తర్వాత చున్నీ రంగుకిచ్చి, అది ఆరేలోపు లేసులు చూసుకోండి. తాను విప్పి కొలిచి కోసి ఇచ్చే బల్ల కనిపిస్తే లైనింగ్, ఫాల్ కూడా అక్కడే కొనండి, బేరమాడినా పది రూపాయల తగ్గింపు దగ్గర ఆపేయండి.